ప్రేమకథల రచయిత్రి చేతిలో రాజమండ్రి రత్నం కలం

నాకు వచ్చే ఉత్తరాలలో కథ గురించిన ప్రశ్నలు ఎన్ని ఉన్నా, చివరలో ఒక వాక్యం మాత్రం తరచుగా కనిపిస్తుంది: "మేడమ్, మీరు చేత్తో రాస్తారా, ఫోనులో టైపు చేస్తారా?" చేత్తోనే రాస్తాను. 2021 ఫిబ్రవరి నుంచి ఒకే కలంతో రాస్తున్నాను. అది రాజమండ్రిలో తయారైన రత్నం కలం. నల్లని ఎబొనైట్ ఒంటితో, స్టీలు పాళీతో, సిరాను నేరుగా పొట్టలో పోసుకునే పాత పద్ధతి రకం. రెండు నవలలు, ఒక సీరియల్, నాలుగు వందలకు పైబడిన జవాబుత్తరాలు దీనితో రాసిన తర్వాత దీని గుణగణాలను వివరంగా చెప్పగలనని అనుకుంటున్నాను. ప్రేమకథలు రాసేవారికి, రాయాలనుకునేవారికి, ముఖ్యంగా పాఠకులకు జవాబు రాయడం కూడా తమ పనిలో భాగమేనని భావించేవారికి ఈ సమీక్ష ఉపయోగపడాలని నా కోరిక.

ముందుగా ఈ కలం కొనవలసి వచ్చిన కారణం చెప్పాలి. 2020 వేసవికి ముందు ఒక వారపత్రికలో నా సీరియల్ నడుస్తోంది. ఇరవై ఆరు వారాల కథలో పదిహేడో భాగం అచ్చయిన తర్వాత కరోనా వచ్చి, ఆ పత్రిక ముద్రణ ఆగిపోయింది. ఆ ఏడాది ఎన్నో తెలుగు పత్రికలకు ఎదురైన కష్టమే దానికీ ఎదురైంది కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేను. అయితే కథ ఆగిన చోటు మాత్రం మంచిది కాదు. పెళ్లిచూపులు తప్పించుకుని బయలుదేరిన అమ్మాయి సామర్లకోట స్టేషనులో దిగి, తనను తీసుకువెళ్లడానికి వస్తానన్న మనిషి కోసం బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తోంది. అతను వచ్చాడా లేదా అన్నది పద్దెనిమిదో భాగంలో ఉంది. ఆ భాగం పాఠకులకు చేరలేదు.

నెల తిరక్కుండానే ప్రశ్నలు మొదలయ్యాయి. పత్రికవారిని అడిగి నా ఫోను నంబరు సంపాదించినవారు కొందరు, పాత నవలల అట్ట వెనక ఉన్న చిరునామాకు రాసినవారు కొందరు. పోస్టుకార్డు నిండా చోటుండగా "అతను వచ్చాడా?" అన్న రెండు మాటలు మాత్రమే రాసి, కింద సంతకం చేసి పంపినవారు కూడా ఉన్నారు. మొదట మిగిలిన కథ సారాంశాన్ని ఫోనులో టైపు చేసి, నంబరు తెలిసిన వారందరికీ దాన్నే పంపాను. తణుకు నుంచి ఒక గృహిణి వెంటనే జవాబిచ్చారు: "ఇది అందరికీ పంపిందే కదండీ. నేను అడిగింది వేరు." ఆమె అడిగింది నిజంగానే వేరు. అతను వచ్చాడా అని ఆమె అడగలేదు. అతను రాకపోతే ఆ పిల్ల ఏ రైలెక్కి ఎక్కడికి వెళ్లేదని అడిగారు. ఆ ప్రశ్నకు నా సారాంశంలో జవాబు లేదు. నిజానికి అప్పటికి నా దగ్గర కూడా లేదు. తరువాత ఆ కథ పుస్తకంగా వచ్చినప్పుడు, అతను నలభై నిమిషాలు ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అమ్మాయి చేతిలో విశాఖపట్నానికి టికెట్టు ఉంటుంది. ఆ టికెట్టు తణుకు పాఠకురాలు ఇచ్చినదే.

అప్పటి నుంచి ఎవరి ప్రశ్నకు వారికే విడిగా, చేత్తో జవాబు రాయాలని నిర్ణయించుకున్నాను. పగలు నవల, రాత్రి ఉత్తరాలు, అంతా బాల్‌పెన్నుతోనే. మూడు నెలలకు బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది; చపాతీ పిండి కూడా కలపలేకపోయాను. ఫిజియోథెరపీ చేసే పెద్దాయన నా చేత నాలుగు వరుసలు రాయించి, కాగితాన్ని తిరగేసి, నా వేలితోనే తడిమి చూడమన్నారు. అక్షరాలన్నీ వెనకవైపు పొక్కినట్టుగా ఉబ్బి తగిలాయి. "మీరు రాయడం లేదమ్మా, చెక్కుతున్నారు. నొక్కక్కర్లేని పెన్ను చూసుకోండి" అన్నారు. ఆ మాట పట్టుకుని, మా కాకినాడ నుంచి గంటన్నర ప్రయాణంలో ఉన్న రాజమండ్రికి వెళ్లాను.

రత్నం కలం చరిత్ర గోదావరి జిల్లాల వారికి కొత్త కాదు. కంసాలి పనిలో చేయి తిరిగిన కె.వి. రత్నం గారు స్వదేశీ ఉద్యమ కాలంలో, 1932లో కలాల తయారీ ప్రారంభించారు. ఆయన చేసిన కలం అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరింది. దానితో రాసి చూశానని, బజారులో దొరికే విదేశీ కలాలకు బదులుగా పనికివస్తుందని గాంధీజీ 1935 జూలైలో వార్ధా నుంచి ఉత్తరం రాశారు. ఈ సంగతి చెప్పుకునేటప్పుడు సాధారణంగా అందరూ గాంధీజీ పేరు దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ ఉత్తరంలోని పద్ధతి నచ్చుతుంది. పంపిన వస్తువును ముందు వాడి చూడడం, ఆ తర్వాతే పంపినవారికి జవాబు రాయడం, ఆ జవాబులో ఉన్నంత మాటే చెప్పడం. పాఠకుల ఉత్తరాలకు జవాబు రాసేటప్పుడు నేను ఆ క్రమాన్ని పాటించడానికి ప్రయత్నిస్తాను.

ఇక వస్తువు సంగతి. ఎబొనైట్ అంటే సహజ రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి, గట్టిపడేదాకా ఉడికించిన పదార్థం. దాని కడ్డీని లేతు మిషను మీద తిప్పుతూ, ఉలితో చెక్కి, మరలు కోసి, లోపల తొలిచి ఒళ్లు తయారుచేస్తారు. చేతిలోకి తీసుకోగానే లోహపు కలంలాగా చల్లగా తగలదు. రెండు నిమిషాలలో మన వేళ్ల వెచ్చదనమే దానికీ వస్తుంది. కొత్తలో మూత విప్పినప్పుడు కాల్చిన అగ్గిపుల్లను గుర్తుచేసే సన్నని గంధకం వాసన వచ్చేది. ఆరేడు నెలలకు తగ్గింది. నా కలం పట్టుకునే చోట, చూపుడు వేలు ఆనే దగ్గర, మెరుపు పోయి చింతగింజ రంగులోకి తిరిగింది. మూత మీద మాత్రం మొదటి రోజు నలుపు అలాగే ఉంది. ఎండ తగిలినా, చేతి చెమట తగిలినా ఎబొనైట్ రంగు మారడం దాని స్వభావం. ఎప్పటికీ కొత్తదానిలా ఉండాలనుకునేవారు ఇది ముందుగా తెలుసుకోవాలి.

పాళీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కలాల మీద వచ్చే సమీక్షలలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. తెలుగు అక్షరం గుండ్రంగా తిరుగుతుంది. కలం ఒకే అక్షరంలో నాలుగు దిక్కులకూ ప్రయాణించాలి. తలకట్టు పెట్టేటప్పుడు పాళీ చివర కాగితాన్ని ఎదురు నెట్టుకుంటూ పైకి వెళుతుంది. సరిగా నునుపు చేయని పాళీ సరిగ్గా అక్కడే పీచు పట్టుకుని సిరా చిమ్ముతుంది. ఆ తర్వాత ఒత్తులు. వరుస కింద ఉన్న కొద్దిపాటి చోటులో 'క్ష్మి', 'స్త్రీ', 'ర్థ్య' లాంటివి చదవడానికి వీలుగా పడాలంటే పాళీ సన్నగా ఉండాలి; అదే సమయంలో మరీ సూదిలా ఉంటే గుండ్రదనం పోయి అక్షరాలు ముళ్లకంపలా తయారవుతాయి. నేను మొదట మధ్యరకం పాళీ అడిగాను. అంగడిలో కూర్చుని నా నవలలోని ఒక పేరా రాసి చూస్తే ఒత్తులన్నీ ఉండలు కట్టాయి. సన్నరకం మార్చి ఇచ్చారు. దానితో రాస్తుండగా చూసి, పాళీ కింద నాలికను కొంచెం వెనక్కి జరిపి, సిరా వచ్చే ధార తగ్గించారు. అలా ఎదురుగా కూర్చోబెట్టి, రాసే చేతిని చూసి సరిచేయడం వల్లనే ఈ కలం నాదయింది. ఇన్నేళ్లలో నొక్కి రాయవలసిన అవసరం ఒక్కసారి కూడా కలగలేదు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను; రోజుకు ఎనిమిది పేజీలు రాసినా రాత్రికి చెయ్యి నా మాట వింటోంది, అది చాలు.

సిరా పోసే గొట్టంతో నింపితే నా కలంలో ముప్పై పేజీలకు తగ్గకుండా వస్తుంది. నేను రాసేది అర ఠావు కాగితం మీద, ఒకవైపు మాత్రమే. పత్రికలకు పంపే రోజుల్లో పడిన అలవాటు అది. కాగితానికి ఒకవైపే రాయాలి, తిరుగు స్టాంపులు అతికించిన కవరు జతచేయాలి, ఇది నా సొంత రచనే, అనువాదం కాదు, అనుకరణ కాదు అని హామీపత్రం పెట్టాలి. ఆ నియమాలు అడిగేవారు ఇప్పుడు తక్కువే అయినా ఒకవైపు రాయడం వల్ల మరొక లాభం ఉంది. వెనకవైపు ఖాళీలో పాఠకుల ప్రశ్న ఏదైనా గుర్తుకొస్తే అక్కడే రాసిపెట్టుకుంటాను.

ఈ కలంతో రాసిన జవాబులలో నాకు ఎక్కువ సమయం పట్టిన ఒకదాని గురించి చెబుతాను. తాడేపల్లిగూడెం నుంచి డెబ్బై దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఇన్‌లాండ్ లెటరులో ఇలా రాశారు: "అమ్మాయీ, నీ కథల్లో మగపిల్లలు ఆడపిల్ల కళ్లు చూస్తారు, జడ చూస్తారు, చీర రంగు చూస్తారు. అన్నం తిన్నావా అని ఒక్కడూ అడగడేం?" నా నవలలన్నీ తిరగేసి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కార్లో ఎక్కించుకుని సముద్రం చూపించడానికి తీసుకువెళ్లిన నాయకులు ఉన్నారు, వానలో గొడుగు పట్టిన నాయకులు ఉన్నారు. ఉదయం నుంచి ఆఫీసులో ఉండి సాయంత్రం నీరసంగా వచ్చిన అమ్మాయిని ఆ మాట అడిగినవాడు లేడు. మా అమ్మ తరం అద్దెకు తెచ్చుకుని చదివిన నవలలలోని ఆరడుగుల అందగాడిని నేను కూడా ఏ ఆలోచనా లేకుండా తెచ్చి నా కథలలో నిలబెట్టానని అప్పుడు తెలిసింది.

ఆమెకు జవాబు రాయడానికి మూడు రాత్రులు పట్టింది. ఇక్కడే కలం గుణం తెలిసింది. ఫోనులో అయితే తుడిచేసిన వాక్యం మళ్లీ కనబడదు. కలంతో కొట్టివేసినది కొట్టివేతగానే అక్కడ ఉంటుంది. మొదటి రాత్రి నేను రాసి కొట్టివేసిన వాక్యం, "మా ఇంట్లో ఆ మాట అడిగేది మా నాన్నగారు ఒక్కరే, అందుకే అది ప్రేమ మాట అని నాకు తోచలేదు" అన్నది. మరీ సొంత విషయమని కొట్టేశాను. మూడో రాత్రి చిత్తుకాగితాలన్నీ పరిచి చూసుకుంటే, గీత కింద నుంచి నన్ను చూస్తున్న ఆ వాక్యం ఒక్కటే నిజమైన జవాబని అర్థమైంది. అదే సాపు చేసి పంపాను. అప్పుడు రాస్తున్న నవలలో తొమ్మిదో అధ్యాయం కూడా తిరగరాశాను. అందులో నాయకుడు ప్రేమ సంగతి ఎత్తడు. కిరోసిన్ స్టౌ మీద ఉప్మా చేసి, కరివేపాకు ఏరి పక్కన పెట్టి, ఆమె ముందు పళ్లెం ఉంచుతాడు. ఆ నవలకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఆ ఉప్మా గురించే ఉన్నాయి.

మిగిలిన ప్రశ్నలకు నా జవాబులు ఇంత పొడవుగా ఉండవు. మీ నాయకుడు నిజంగా ఉన్నాడా అని అడిగేవారికి, ఒక్క మనిషిగా లేడని, మాట ఒకరిది, నడక ఒకరిదని రాస్తాను. మీ వారు ఏమీ అనుకోరా అని అడిగేవారికి, చిత్తుప్రతి మొదట చదివేది ఆయనేనని రాస్తాను. ప్రతి కథా పెళ్లితోనో కలయికతోనో ఎందుకు ముగుస్తుందని ఈ మధ్య కాలేజీ పిల్లలు అడుగుతున్నారు. అది మంచి ప్రశ్న, దానికి నేను రాసే జవాబు ప్రతిసారీ కొంచెం మారుతోంది. డబ్బు ఎంత వస్తుందని అడిగే కొత్త రచయితలకు మాత్రం స్పష్టంగా చెబుతాను: జీతం వచ్చే పని మానుకోవద్దు, తెల్లవారుజామున రెండు గంటలు రాయండి, ఆ రెండు గంటలు ఎవరికీ ఇవ్వకండి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగు పాఠకులకు కూడా చేత్తోనే రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపుతాను. డాలస్‌లో ఉన్న ఒకమ్మాయి ఆ ఫొటోను ముద్రింపజేసి వాళ్ల అమ్మమ్మకు చదివి వినిపించిందట.

ఇబ్బందులు లేకపోలేదు. పొట్టలో సిరా పోసుకునే కలాలన్నిటికీ ఉన్న లక్షణమే దీనికీ ఉంది: సిరా మూడో వంతుకు తగ్గినప్పుడు లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి పాళీ దగ్గర బొట్టును తోస్తుంది. సగం ఖాళీ అయిన కలాన్ని సంచిలో అడ్డంగా పడుకోబెట్టి రైలు ప్రయాణం చేసి, దిగేసరికి మూత నిండా సిరా చూశాను. అది కలం తప్పు కాదు, నేను తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోలేదు. ప్రయాణంలో నిండుగా నింపి, పాళీ పైకి ఉండేలా నిలబెట్టి తీసుకువెళ్లాలి. మరల దగ్గర ఏడాదికి ఒకసారి సిలికాన్ గ్రీజు చిటికెడు రాస్తే చెమ్మ ఊరదు. నెలకొకసారి చల్లని నీళ్లతో కడగాలి; వేడినీళ్లు పోస్తే ఎబొనైట్ రంగు చెడుతుంది. బొమ్మలు గీసేవారు వాడే ఇండియన్ ఇంకు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు, నాలికలో గడ్డకట్టి మళ్లీ కదలదు. నేను రాయల్ బ్లూ వాడతాను. అది నీటికి కరుగుతుంది కాబట్టి ఉత్తరం లోపల ఎంత కలంతో రాసినా, కవరు మీద చిరునామా మాత్రం బాల్‌పెన్నుతోనే రాస్తాను. మా వైపు వానల్లో పోస్ట్‌మ్యాన్ గారి సంచి తడవని రోజు ఉండదు.

రెండవ ఇబ్బంది కలానికి బయట ఉన్నది. చేత్తో రాసిన ప్రతిని చివరికి ఎవరో ఒకరు టైపు చేయాలి. ఒక టైపింగ్ సెంటరులో నా అధ్యాయంలో ఉన్న "అలిగింది" అన్న మాటను అంతటా "అరిగింది" అని కొట్టారు. అలక మీద నడిచే అధ్యాయం అది. ప్రూఫు నేనే చూసుకోవడంతో సరిపోయింది. ఇప్పుడు పూర్తయిన పేజీలను నేనే ఫోనుకు చదివి వినిపించి, అది టైపు చేసినదాన్ని దిద్దుకుంటున్నాను. ఇలా పైకి చదవడం వల్ల సంభాషణలలో ఎక్కడ మనిషి మాట్లాడుతున్నాడో, ఎక్కడ నేను మాట్లాడుతున్నానో చెవికి తెలిసిపోతుంది. అధ్యాయానికి గంట ఎక్కువ పట్టినా ఆ గంట వృథా కాదు.

వారానికి రెండు భాగాలు చొప్పున యాప్‌లలో సీరియల్ అందించేవారికి, గడువు రేపు ఉదయమే అయినవారికి ఈ కలాన్ని నేను సిఫారసు చేయలేను. వారికి ఫోనే సరైన సాధనం. నెలకు ఒక అధ్యాయం నిదానంగా రాసుకునేవారు, ఉత్తరాలు రాసేవారు, నాలా నొక్కి రాసి చెయ్యి పాడుచేసుకున్నవారు నిస్సందేహంగా తీసుకోవచ్చు. స్టీలు పాళీతో నాకు అప్పట్లో రెండు వేల రూపాయల లోపే అయింది. బంగారు పాళీ కావాలంటే ధర చాలా ఎక్కువగా ఉంటుంది, తెలుగు రాయడానికి ఆ ఖర్చు అవసరమని నాకు అనిపించలేదు.

వీలైతే తెప్పించుకోకుండా స్వయంగా రాజమండ్రి వెళ్లి కొనండి. మీరు రోజూ రాసే కాగితాన్నే వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే అంగడిలో ఉండే నున్నని కాగితం మీద ఏ పాళీ అయినా బాగానే నడుస్తుంది. సంతకం చేసి చూసి ఊరుకోవద్దు, సంతకంలో చెయ్యి అలవాటుగా పరుగెత్తుతుంది. "జ్యోత్స్న" అని ఒక పది సార్లు రాయండి. నా మొదటి నవలలో నాయిక పేరు అది, దానికన్నా గట్టి పరీక్ష నాకు తెలియదు. ఒత్తు కింద ఒత్తు దిగే చోట పాళీ కాగితాన్ని గీరినట్టు అనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే చెప్పండి, సరిచేసి ఇస్తారు.